సవరణ: పాత సెస్నా రేడియోల విషయంలో నేను తప్పు చెప్పాను

మా 1966 సెస్నా 172 అనే చిన్న విమానంలో ప్యానెల్ (పైలట్ ముందుండే పరికరాల పలక) మార్పు గురించి మొన్న రాస్తూ, ఛానెళ్ల మధ్య 25 కిలోహెర్ట్జ్ ఎడం ఉండే పాత రేడియో ఇక పనికిరాదు, 8.33 కిలోహెర్ట్జ్ ఎడం ఉండేదే కొనాల్సిందే అన్నాను. అది యూరప్ సంగతి. మేముండే అమెరికాలో 25వి ఇంకా చెల్లుతాయి, కాబట్టి నా మాట విని మంచి సెట్ పీకేస్తున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఆగండి బాబూ.

ఇంకోటి, 2020 జనవరి నుంచి ఏడీఎస్-బీ అవుట్ (విమానం తానెక్కడుందో తనే ప్రసారం చేసే పరికరం) ప్రతి విమానానికీ తప్పనిసరి అన్నదీ తప్పే. పెద్ద విమానాశ్రయాల చుట్టూ ఉండే బీ, సీ క్లాసుల గగనతలంలోకి, సాధారణంగా 10,000 అడుగుల పైకి, ఇంకొన్ని చోట్లకి వెళ్తేనే కావాలి. అసలు ఇంజిన్‌తో నడిచే కరెంటు వ్యవస్థ లేకుండానే సర్టిఫై అయిన పైపర్ జే-3 కబ్ లాంటి పాత చిన్న విమానాలకి కొన్ని మినహాయింపులూ ఉన్నాయి. మాదానికి ఆ అదృష్టం లేదు, పెట్టించక తప్పలేదు.