నీళ్లడగని పచ్చికకు

పెరట్లో వెల్లకిలా పడుకున్న ప్లాస్టిక్ పచ్చికా,

నీ క్షేమం అడగక్కర్లేదు. ఎండకు వాడవు, వానకు పెరగవు. క్షేమం చెప్పుకోవాల్సింది నేనే.

"మెయింటెనెన్స్ దాదాపు ఉండదు సార్" అన్న ఒక్క మాటకే నేను పడిపోయాను. గోల్ఫ్ కోర్సులో హోల్ (బంతి పడాల్సిన కన్నం) చుట్టూ ఉండే నున్నటి పచ్చికే గ్రీన్. నిజం గడ్డి గ్రీన్‌కి ఎంత చాకిరీ చేయాలో అప్పటికే విని ఉన్నాను. గడ్డిని ఇంచుమించు 3 మిల్లీమీటర్ల ఎత్తుకు కత్తిరించాలి, తడపాలి, తెగుళ్ల మందు కొట్టాలి. ఆ గొడవేమీ లేకుండా పుట్టింగ్ (గ్రీన్ మీద బంతిని మెల్లగా దొర్లించి హోల్‌లో వేయడం) ప్రాక్టీస్ అంటే ఎవరు కాదంటారు? ఇంట్లోవాళ్లకు లెక్క కూడా చెప్పాను: పార్ 72 కోర్సులో, అంటే మొత్తం 72 దెబ్బల్లో ఆట ముగించాల్సిన చోట, హోల్‌కి రెండు పుట్‌ల చొప్పున 18 హోల్స్‌కి 36, అంటే ఆటలో సగం పుట్టింగే. ఈ సగం పెరట్లో వచ్చేస్తే మిగతా సగం దానంతటదే వస్తుందన్నాను. ఎలా వస్తుందని అదృష్టవశాత్తూ ఎవరూ అడగలేదు.

చాప పరిచినట్టు పరిచేసి పోతారనుకున్నా. ముందు పెరడంతా తవ్వారు. కంకర పోశారు, రాతిపొడి పోశారు, తడిపి దిమ్మిస కొట్టారు, నీళ్లు నిలవకుండా కాస్త వాలు ఇచ్చారు. బంతి పడటానికి హోల్‌లో 4.25 అంగుళాల వెడల్పు కప్పు దించారు. ఆ తర్వాతే నిన్ను దొర్లించి, అంచులకు మేకులు కొట్టి, సన్నటి ఇసుక చల్లి నీ పోగుల్లోకి దిగేదాకా బ్రష్‌తో తోశారు. బంతి వేగం ఆ ఇసుక మీదే ఆధారపడుతుందట. అంతా అయ్యాక మేస్త్రీ చెప్పులేసుకుంటూ అన్నాడు: "అప్పుడప్పుడు బ్రష్ కొట్టండి సార్. ఆకులు ఊడ్చేయండి. ఇసుక తగ్గితే చల్లండి."

ఆ "అప్పుడప్పుడు" నా ఆదివారాలన్నీ మింగేసింది. పుట్టింగ్ చేసే కర్ర, పుట్టర్ కంటే చీపురే నా చేతికి బాగా అలవాటైంది. మొన్న నీ అతుకులోంచి ఒక గరిక పోచ తల ఎత్తింది. నిజం గరిక, లేతగా, కొసన నీటిబొట్టుతో. మోకాళ్ల మీద కూర్చుని దాన్ని గోళ్లతో పట్టి వేరుతో సహా లాగాను. గడ్డి పాడవకుండా గడ్డి పీకిన మనిషిని నేనే అయ్యుంటాను. మధ్యాహ్నమైతే నీ మీద కాలు పెట్టలేను, పెనంలా కాలుతుంటావు. చల్లబరచాలంటే బకెట్‌తో నీళ్లు చల్లాలి. నీళ్లడగవన్నారే!

అయినా ఇవన్నీ భరిస్తాను. అసలు సంగతి వేరే ఉంది.

గ్రీన్ వేగం కొలవడానికి ఎడ్వర్డ్ స్టింప్సన్ అనే అమెరికన్ గోల్ఫర్ 1935లో ఒక సాధనం తయారుచేశాడు. గాడి ఉన్న పట్టీ మీంచి బంతిని వదిలి, అది ఎన్ని అడుగులు దొర్లిందో చూడటమే. నేనూ ఒక గాడి చెక్క పెట్టి నీ మీద వదిలాను. ఎటునుంచి వదిలినా బంతి కాసేపు బుద్ధిగా వెళ్లి, కప్పు దగ్గర మెల్లగా వంగి లోపల పడింది. నాలుగు వైపుల నుంచీ అదే వరస. వంగి చేత్తో తడిమితే తెలిసింది: కప్పు చుట్టూ నేల కుంగింది. దిమ్మిస సరిగ్గా పడలేదన్నమాట.

ఇన్నాళ్లూ నేను పది కొడితే తొమ్మిది పడింది అందుకేనన్నమాట! కోర్సుకి వెళ్తే మాత్రం మూడడుగుల పుట్ కూడా పక్కకే పోయేది. అక్కడి గ్రీనే బాగాలేదని తిట్టుకుని ఇంటికొచ్చేవాణ్ని. ఆడలేనివాడు మద్దెల ఓడని అంటాడు. నా మద్దెలేమో నేను తప్పు కొట్టినా తనే తాళం సర్దుకుంది.

మేస్త్రీకి ఫోన్ చేశాను. నిన్ను పైకి లేపి, అడుగున మళ్లీ దిమ్మిస కొట్టి పరుస్తానన్నాడు, శనివారం వస్తానన్నాడు. సోమవారం రమ్మన్నాను. ఆదివారం స్నేహితులు ప్రాక్టీస్‌కి వస్తున్నారు.

ఇట్లు,
నీ చీపురు మనిషి