చందువ పళ్ళు

(మే నెల. అప్పారావు చేపల బజార్లో, వరాలు పెదవాల్తేరు ఇంట్లో. మధ్యలో ఫోను.)

అప్పారావు: ఫొటో చూశావా? తెల్ల చందువ!

వరాలు: చూశాను. మీ బొటనవేలు బాగా పడింది. దాని వెనకాల చేపేదో ఉన్నట్టుంది.

అప్పారావు: కిలో రెండొందలేనటే!

వరాలు: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధమని మరబోట్లన్నీ హార్బర్లో కట్టేసుంటే, ఆ ధరకి చందువ సంద్రంలోంచి నడిచొచ్చిందేటి?

అప్పారావు: తొట్లో ఇంకా ఎగురుతోందే!

వరాలు: బజార్లో బతికున్న చందువని భీమిలిలో పుట్టిన నేనే చూళ్ళేదు. అది చెరువులో పెంచే రూప్‌చంద్ చేప. పళ్ళు ఫొటో తీసి పెట్టండి.

(ఫొటో వచ్చింది.)

వరాలు: ఇదేటండీ?

అప్పారావు: చక్కెరకేళి. డజను తీసేసుకున్నా.

వరాలు: చేప పళ్ళండీ బాబూ! నోరు తెరిపించి చూడండి.

అప్పారావు: చేపలమ్మే ఆవిడ ఇందాకట్నుంచీ నవ్వుతూనే ఉంది, అన్నీ కనిపిస్తున్నాయి.

వరాలు: చేప నోరు! రూప్‌చంద్‌కి మీ నాన్నగారి కట్టుడు పళ్ళలా మనిషి పళ్ళుంటాయి. చందువ నోరే చిన్నది, పళ్ళు కంటికి ఆనవు.

అప్పారావు: మా నాన్న జోలికెళ్ళకు. రూప్‌చంద్‌కి పొట్ట ఎర్రగా ఉంటుందిగా, దీనికి లేదు మరి.

వరాలు: రంగు నమ్మకండి. ఐసులో ఒకలా, ఎండలో ఒకలా కనిపిస్తుంది. రెక్కలు చూడాలి. పక్కకి పడుకోబెట్టి, ఆ వేలు తీసి, మూతి నుంచి తోక దాకా పడేలా తియ్యండి. వీపు రెక్కకీ తోకకీ మధ్య కండముక్కలాంటి బుల్లి రెక్కుందా? పొట్ట కింద జంట రెక్కలున్నాయా? తెల్ల చందువకి అవి రెండూ ఉండవు.

అప్పారావు: ఉన్నట్టే ఉన్నాయి... పోనీ నల్ల చందువేమో?

వరాలు: దానికీ వీపు మీద ఆ బుల్లి రెక్క ఉండదు. పైగా తోక మొదట్లో గట్టి పొలుసులు వరసగా వేలికి తగుల్తాయి. తడిమి చూడండి.

అప్పారావు: తడిమా. నున్నగా ఉంది.

వరాలు: ఏ చేత్తో?

అప్పారావు: ఎడం చేత్తో.

వరాలు: అరటిపళ్ళు ఏ చేతిలో ఉన్నాయి?

అప్పారావు: ...ఉండు, చెయ్యి మారుస్తా.

వరాలు: వద్దులెండి! రూప్‌చందే తెచ్చెయ్యండి, చింతపండు నానేశాను. ఎండకి తువ్వాలు కప్పుకున్నారా?

అప్పారావు: కప్పుకున్నా. మరి పళ్ళు?

వరాలు: అవీ తెండి, మీకిష్టమేగా. తలకాయ మాత్రం కొట్టించుకు రండి.

అప్పారావు: చేపదే కదా?