బొరుగుల వారికి ఒక బహిరంగ లేఖ

కర్నూలు, వన్‌టౌన్.

మహారాజశ్రీ బొరుగుల వారికి,

నమస్కారాలు. క్షేమమేనా అని అడగను. కర్నూల్లో మీ క్షేమానికి లోటేముంది? పొద్దున ఏ హోటల్లో చూసినా పళ్లెంలో ఉగ్గానిగా మీరే, పక్కన మిరపకాయ బజ్జీ. సాయంత్రం బండి మీద ఉల్లిపాయ, కారం, నిమ్మరసంతో మీరే. తిరునాళ్లలో బెల్లం పాకం పట్టి ఉండలు కట్టేది మిమ్మల్నే. పీర్ల పండక్కి చక్కెర కలిపి పంచేదీ మిమ్మల్నే. ఆఖరికి మనిషి పోతే పాడె ముందు చల్లేదీ మిమ్మల్నే. పుట్టుక నుంచి పోక దాకా ఇన్ని డ్యూటీలు మోస్తున్న మీకు, మా హాల్లో మూలనున్న గోల్డ్‌ఫిష్ ట్యాంకులో అదనపు బాధ్యతలు ఎవరు అప్పగించారో కనుక్కుందామనే ఈ లేఖ.

ఆర్డర్ కాపీ ఉంటే చూపించండి. లేదని నాకు తెలుసు. మిమ్మల్ని అక్కడికి డిప్యుటేషన్ మీద పంపేది మా చుట్టాలు. ఇంట్లోకి రావడం, చెప్పులు విప్పడం, ట్యాంకు దగ్గరికి పోయి వంగి చూడడం, "పాపం, నోర్లు తెరుస్తాండాయి చూడు, ఆకలైనట్టుంది" అనడం, అంతలో ఎవరో ఒకరి చేతిలో మీరు ప్రత్యక్షం కావడం. చేప నోరు తెరిచేది ఊపిరి కోసం. నోట్లోంచి తీసుకున్న నీళ్లు మొప్పల మీదుగా బయటికి పోవాలి, అప్పుడే దానికి గాలి ఆడేది. మా చిన్నాయన నిద్రలో నోరు తెరుచుకునే గురక పెడతాడు. ఆయన నోట్లో ఎవరూ గుప్పెడు బొరుగులు పోయలేదే!

వచ్చిన ప్రతి ఒక్కరిదీ ఒకటే సిఫార్సు: "కడుపు నిండా తిననీ పాపం." చిక్కంతా అక్కడే ఉంది. గోల్డ్‌ఫిష్‌కు కడుపే లేదు. ఇది వెటకారం కాదు, దాని శరీరం తీరే అంత. తిన్నది కాసేపు నిలవ ఉంచుకునే సంచి మనకున్నట్టు దానికి లేదు. గొంతు దాటితే నేరుగా పొడుగాటి పేగే. పళ్లు కూడా నోట్లో ఉండవు, గొంతులో ఉంటాయి. అడుగున ఉన్న ఇసుకను నోట్లోకి తీసుకుని, పనికొచ్చేది ఉంచుకుని, మిగతాది ఉమ్మేస్తుంది. మన చెరువుల్లో పెంచే బంగారు తీగ చేపకు ఇది దగ్గరి చుట్టం. నాచు, మెత్తని ఆకులు, పురుగులు, చిన్న నత్తలు, ఏది దొరికితే అది రోజంతా కొంచెం కొంచెంగా ఏరుకు తినే జాతి. దానికి ఒక్కసారిగా పెళ్లి భోజనం వడ్డించి, "ఇంకొంచెం వెయ్యనా?" అంటే వద్దనడం దానికి రాదు. మా పెద్దమ్మకు ఇదంతా విడమరిచి చెబితే ఒక నిమిషం ఆలోచించి, "కడుపు లేకపోతే పాపం ఇంకా ఎక్కువ పెట్టాల" అంది.

ఇంకో సంగతి. గోల్డ్‌ఫిష్‌కు మూడు సెకన్ల కంటే ఏదీ గుర్తుండదని ఒక ప్రచారం ఉంది. పచ్చి అబద్ధం. నెలల తరబడి గుర్తు పెట్టుకుంటుంది. తిండి పెట్టే మనిషినీ, పెట్టే వేళనూ పసిగడుతుంది. మిమ్మల్ని గుప్పెట్లో పట్టుకొచ్చిన చిన్నాయన ఉగాదికి వచ్చి వినాయక చవితికి మళ్లీ వస్తే, అవి అద్దం దగ్గరికి పరుగెత్తుకొచ్చి తోకలాడించాయి. ఆయన పొంగిపోయి, "ఆకలితో మలమలా మాడిపోతాండాయిరా" అన్నాడు. అర గంట ముందే తిన్నాయి. అది ఆకలి కాదు, పరిచయం. చిన్నాయనకేమో తన పెళ్లిలో వెండి గిన్నె చదివించింది ఎవరో ఇప్పటికీ గుర్తు లేదు.

మీ మీద నాకు వ్యక్తిగతంగా కోపం లేదని ఇక్కడే రాసి పెడుతున్నాను. మీ పుట్టు పూర్వోత్తరాలు నాకు తెలుసు. బియ్యానికి ఉప్పునీళ్లు పట్టించి, ఆరబెట్టి, బట్టీలో కాగిన ఇసుకలో వేస్తే పొంగి మీరవుతారు. అంటే పిండి పదార్థం, బోలెడు గాలి, కాస్త ఉప్పు. చేపకు ముఖ్యంగా కావలసిన మాంసకృత్తులు మీ దగ్గర అంతంత మాత్రం. ఒకటో రెండో మింగినంత మాత్రాన అది చచ్చిపోదు, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ ఒకటో రెండో వేసే చుట్టం కర్నూల్లో ఇంకా పుట్టలేదు.

నాకు ఆశ్చర్యం కలిగించేది వేరే ఉంది. ఉగ్గాని చేసేటప్పుడు మిమ్మల్ని నీళ్లలో ముంచి, క్షణం ఆలస్యం చేయకుండా పిండేస్తారు. లేకపోతే ముద్దయిపోతారని ఈ ఊర్లో స్టవ్ ముట్టించడం రాని పిల్లకు కూడా తెలుసు. అంత తెలిసిన చేతులే మిమ్మల్ని ట్యాంకులో పోసి, టీ తాగి, సీరియల్ చూసి, ఆటో ఎక్కి వెళ్లిపోతాయి. అక్కడ మిమ్మల్ని పిండే వాళ్లెవరు?

మొదట మీరు తేలతారు. మిమ్మల్ని అందుకోవడానికి చేపలు పైకొచ్చి, మీతో పాటు గాలినీ మింగుతాయి. మా ఒరాండా ఉంది, గోల్డ్‌ఫిష్‌లోనే ఒక రకం, గుండ్రటి ఒళ్లు, నెత్తిన ఎర్రటి టోపీ. అలా పొట్టిగా, గుండ్రంగా పెంచిన రకాలకు లోపల అవయవాలన్నీ ఇరుకిరుకుగా ఉంటాయి. గాలి మింగినా, పేగు బిగుసుకున్నా బ్యాలెన్స్ తప్పి పక్కకు ఒరిగి, ఒక్కోసారి తలకిందులై తేలుతుంది. దాన్ని చూసి మీ అభిమాని ఒకాయన "డాన్స్ చేస్తాంది" అని ఫోన్‌లో వీడియో తీసుకున్నాడు.

తినగా మిగిలిన మీరు తర్వాత అడుగుకు దిగి కుళ్లడం మొదలుపెడతారు. చేప మొప్పల నుంచి అమ్మోనియా ఎలాగూ వస్తూనే ఉంటుంది, మీ వాటా దానికి తోడవుతుంది. ఫిల్టర్‌లో కాపురముండే బాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, ఆ తర్వాత అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. రోజువారీ లెక్కకు సరిపడా బాక్టీరియానే అందులో ఉంటుంది. పండక్కి పది మంది చుట్టాలొస్తారని వాటికెవరు చెప్పారు? నీళ్లు తెల్లగా మబ్బు పడతాయి, అమ్మోనియాకు మొప్పలు మండుతాయి, చేపలు పైకొచ్చి ఇంకా పెద్దగా నోరు తెరుస్తాయి. అది చూసి ఇంకో గుప్పెడు వేసే పుణ్యాత్ములున్నారు. పైగా మే నెల. వేడి నీళ్లలో ప్రాణవాయువు తక్కువ నిలుస్తుంది, అమ్మోనియా విషం ఎక్కువ పనిచేస్తుంది. మే నెల కర్నూలు ఎట్లుంటుందో ఇసుకలో వేగి వచ్చిన మీకు నేను చెప్పాలా?

"కోనేట్లో చేపలకు వేస్తే పుణ్యం కదా, ఇక్కడేమైంది?" అని మీ తరఫు వకీళ్లు వాదిస్తారు. కోనేట్లో ఎన్ని నీళ్లుంటాయి, మా ట్యాంకులో ఎన్ని ఉంటాయి? ఆ కోనేటికి మాత్రం మీ వల్ల ఒరిగిందేమిటో నాకు తెలియదు గానీ, దేవుడి సొమ్ము జోలికి నేను పోను.

మరి నువ్వేం పెడతావని అడుగుతారు, అడగండి. రోజూ తిండి గోల్డ్‌ఫిష్ కోసమే చేసిన పెల్లెట్లు, అంటే మేత గుళికలు, అందులోనూ అడుగుకు మునిగే రకం. వేసే ముందు ట్యాంకు నీళ్లలోనే కాసేపు నానబెడతాను. రోజుకు రెండు పూటలు, ఒక్కో పూటకు రెండు నిమిషాల్లో తినేయగలిగినంత. మిగిలింది వలతో తీసేస్తాను. పెల్లెట్లు చిన్న డబ్బాలోనే కొంటాను. షాపులో గోనెసంచిలోంచి కవర్లోకి పోసి ఇచ్చే లూజ్ సరుకు ఎన్నాళ్ల నుంచి గాలికి, వేడికి ఉందో ఎవరికి తెలుసు? అందులో విటమిన్లు అప్పటికే సెలవు తీసుకుని ఉంటాయి.

కానీ పొద్దస్తమానం పెల్లెట్లే అంటే చేప అయినా ఏం చేస్తుంది! అందుకే వారంలో కొన్ని పూటలు ఆకుకూర. పాలకూరను బాగా కడిగి, వేడి నీళ్లలో ఒక్కసారి ముంచి తీసి, చల్లారాక చిన్న ముక్క. మందు కొట్టిన ఆకు మనుషులకు ఎట్లాగో అరుగుతోంది, చేపకు అరగదు. కీరా దోసకాయ పలుచటి బిళ్లను దారంతో కట్టి వేలాడదీస్తే మధ్యలోదంతా గీక్కుని తిని, తొక్కను చేతి గాజులాగా మిగిల్చింది మా ఒరాండా. ఇక పచ్చి బఠానీ: ఉడికించి, పొట్టు తీసి, నలిపి వేస్తే పేగు బిగుసుకున్న చేపకు అదే మందు. ఉప్పు, నూనె, తాలింపు ఏవీ ఉండకూడదు. ఇంగువ వేస్తే రుచి అని మా పెద్దమ్మ సలహా. దాన్ని రికార్డులో పెట్టి పక్కన పెట్టేశాం.

అప్పుడప్పుడు మాంసాహారం కూడా. ఫ్రిజ్‌లో గడ్డకట్టించి అమ్మే బ్లడ్‌వార్మ్స్ అనే ఎర్ర పురుగులు, డాఫ్నియా అనే చిన్న నీటి పురుగులు కొంచెం కరగనిచ్చి వేస్తే ఆ రోజు ట్యాంకులో కనుమ పండగే. మురుగు కాలవల్లో పెరిగే ట్యూబిఫెక్స్ పురుగుల్ని మాత్రం ఎంత చవకగా ఇచ్చినా తేను, వాటితో పాటు రోగాలూ వస్తాయి. దోమ లార్వాలంటే వీటికి ప్రాణం. అవి కావాలని బకెట్లో నీళ్లు నిలవ పెడితే దోమలు పెరగకుండా నిలవ నీళ్లు పారబోయించే శుక్రవారం డ్రై డే నాడు మునిసిపాలిటీ వాళ్లొచ్చి మా గేటు ముందే ఉపన్యాసం ఇస్తారు. చికెన్ ముక్కలు, మటన్ కొవ్వు వేసే ధర్మాత్ములకూ ఒక మాట: ఆ కొవ్వు చేప పేగుకు పడదు.

వారానికి ఒక రోజు ఏమీ పెట్టను. శనివారం. మా ఇంట్లో ఒక్కపొద్దు ఉంటామని చెప్పే వాళ్లందరిలో నిజంగా ఉండేది చేపలే, మిగతావాళ్లు ఇడ్లీని ఉపవాసంలో లెక్కేస్తారు. మేం ఊరికెళ్లినా ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు వారం రోజులు తిండి లేకుండా హాయిగా తట్టుకుంటాయి. తాళం చెవి ఇచ్చి వెళ్లిన పక్కింటాయన జాలినే అవి తట్టుకోలేవు.

ఇంత లెక్క ఎందుకంటారా? 1953లో మన కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది, 1956లో ఆ ముచ్చట తీరి హైదరాబాదుకు పోయింది. సరిగ్గా ఆ 1956లోనే ఇంగ్లండులో ఒక పిల్లాడు సంతలో ఆట ఆడి ఒక గోల్డ్‌ఫిష్‌ను గెలుచుకున్నాడు. దాని పేరు టిష్. 1999 దాకా, 43 ఏళ్లు బతికి గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కింది. మన రాజధాని కంటే వాళ్ల చేపే గట్టిది. అన్ని చేపలూ అంత బతకవు గానీ, బాగా చూసుకుంటే పది, పదిహేనేళ్లు మామూలే. ఇక్కడేమో "మూడు నెలలుంటే గొప్ప సార్, పోతే ఇంకోటి తీసుకోండి" అంటారు. ఆ మూడు నెలల లెక్కలో మీ వాటా ఎంతో మీరే ఆలోచించుకోండి.

నా ప్రతిపాదన ఇది. ఇకమీదట ఇంటికొచ్చిన చుట్టానికి చేపకు పెట్టాలనిపిస్తే, నేను చేతిలో ఒక బఠానీ పెడతాను, ఉడికించి పొట్టు తీసింది. మొన్న మా వదినమ్మ మీద ప్రయోగం చేశాను. ఆమె అరచేతిలో ఆ బఠానీని చూసి, నా వైపు చూసి, "ఒక్కటేనా? మీ ఇంట్లో మనుషులకైనా కడుపు నిండా పెడతారా?" అంది. పెడతామని నిరూపించుకోవడానికి మిమ్మల్నే పిలవాల్సి వచ్చింది. ఆ పూట మీ సేవలకు కృతజ్ఞతలు. ఆమె మూడోసారి కూడా వేయించుకుంది.

ఆ వంటింట్లోనే మీ పోస్టు పర్మనెంటు. హాల్లోకి మాత్రం బదిలీ అడగకండి.

ఇట్లు,
ఒక ట్యాంకు కాపలాదారు

తా.క.: బ్రెడ్డు ముక్కకు, టీ బిస్కెట్టుకు, ప్రసాదం పులిహోరకు ఈ లేఖ నకళ్లు పంపుతున్నాను. చపాతీకి మాత్రం పంపడం లేదు. అది మా అత్తగారి చేతి మీదుగా వచ్చేది, ఆ కేసు ఇంట్లోనే తేల్చుకోవాలి.