యాడ్‌లో పాటకు ‘సరే’ అన్నదెవరు?

ముప్పై సెకన్ల యాడ్‌లో కొత్తగా ఓ భావాన్ని పుట్టించి, దాన్ని సరుకుతో ముడిపెట్టడం మాటలు కాదు. హిట్ పాట అయితే ఆ పని ఎప్పుడో అయిపోయి ఉంటుంది. మనసు విరిగిన రోజున మనం విన్న పాటే కారు అమ్మడానికీ పనికొస్తుంది. కంపెనీ డబ్బు కట్టేది పాటకే అయినా, దానితో పాటు మన జ్ఞాపకాలూ వాడుకుంటుంది. వాటికి రేటు లేదు కాబట్టి ఉచితం.

దీన్ని తిట్టేవాళ్లు మామూలుగా అనే మాట ‘కళను అమ్ముకున్నారు’ అని. నాకైతే అది డొల్ల వాదనే. కళాకారుడికీ ఇల్లు గడవాలి. పైగా కొన్నిసార్లు యాడే పాటకు ప్రాణం పోస్తుంది. ఇంగ్లిష్ గాయకుడు నిక్ డ్రేక్ 26 ఏళ్లకే, 1974లో చనిపోయాడు. బతికుండగా ఆయన రికార్డులు కొన్నవాళ్లు బహు తక్కువ. పాతికేళ్ల తర్వాత ఫోక్స్‌వాగన్ యాడ్‌లో ఆయన పాట వినిపించాక అది ఉన్న ఆల్బమ్ కోసం జనం ఎగబడ్డారు. తప్పేముంది?

తేల్చాల్సింది వేరే ఉంది. యాడ్‌కు సరే అన్నది ఎవరు?

ఓ పాటను అసలు రికార్డింగ్‌తో సహా యాడ్‌లో వాడాలంటే రెండు అనుమతులు కావాలి. రచన, బాణీ హక్కులు ఎవరి దగ్గరుంటే వాళ్లది ఒకటి, రికార్డింగ్ హక్కులున్న కంపెనీది ఇంకొకటి. పాడినవాడి పేరు ఈ రెంటిలోనూ లేకపోవచ్చు. 1987లో నైకీ బూట్ల యాడ్‌కు బీటిల్స్ ‘రివల్యూషన్’ వాడినప్పుడు జరిగింది ఇదే. ఆ బృందం పాటల్లో చాలావాటి రచన హక్కులున్న ఏటీవీ సంస్థను అంతకు రెండేళ్ల ముందే మైకేల్ జాక్సన్ 4.75 కోట్ల డాలర్లకు కొనేశాడు. రికార్డింగ్ హక్కులు మ్యూజిక్ కంపెనీవి. ఇద్దరూ ఒప్పుకున్నారు. బీటిల్స్ సొంత కంపెనీ యాపిల్ మాత్రం కోటిన్నర డాలర్లకు దావా వేసింది. 1989లో రాజీ కుదిరింది.

గాయకుడు కుదరదంటే? అప్పుడే అసలు తెలివితేటలు బయటికొస్తాయి. ఫోర్డ్ కార్ల యాడ్ కోసం ఏజెన్సీ వాళ్లు అమెరికా గాయని బెట్ మిడ్లర్ మేనేజర్‌కు ఫోన్ చేశారు. ఆమెకు ఇష్టం లేదన్న జవాబు వచ్చింది. వెంటనే, పదేళ్లపాటు ఆమెకు కోరస్ పాడిన గాయనిని పిలిపించి, వీలైనంతవరకు రికార్డులో మిడ్లర్ పాడినట్టే పాడమన్నారు. పాట హక్కుదారుడి లైసెన్స్ చేతిలో ఉంది, కాగితాల్లో లోటు లేదు. ఎంత బాగా కుదిరిందంటే, మిడ్లరే పాడిందనుకుని తెలిసినవాళ్లు ఆమెతోనే అన్నారు. 1988లో అమెరికా అప్పీలు కోర్టు, ముఖం ఎలాగో గొంతూ అలాగే మనిషి గుర్తింపు అని తేల్చి, ఆమెకు దావా వేసే హక్కుందని చెప్పింది. జూరీ 4 లక్షల డాలర్లు ఇప్పించింది.

ఆ తీర్పు వచ్చిన ఏడాదే చిప్స్ కంపెనీ ఫ్రిటో-లే యాడ్‌లో అమెరికా గాయకుడు టామ్ వెయిట్స్ బొంగురు గొంతును ఇంకొకరితో పలికించారు. యాడ్లకు పాడనని బాహాటంగా చెబుతూ వచ్చిన మనిషాయన. చివరికి సుమారు 25 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది. అంతకంటే వేరే గాయకుణ్ని పెట్టుకుని అతని సొంత గొంతుతోనే పాడించుకుంటే చౌకగా పోయేది కదా!

ఇప్పుడు గొంతును దించడానికి కోరస్ గాయని కూడా అక్కర్లేదు, సాఫ్ట్‌వేర్ చాలు. అందుకే పాటను అమ్మడం, గొంతును అమ్మడం వేర్వేరని ఒప్పందంలో రాసుకోవాల్సిందే. తమను అడగకుండా యాడ్లకు ఇవ్వకూడదన్న క్లాజు పెట్టించుకునే పేరున్నవాళ్లు ఇప్పటికే ఉన్నారు. తొలి ఆల్బమ్‌కు సంతకం చేసే కుర్రాడికి అంత బలం ఉండదు. పాట హిట్టయి, యాడ్ కంపెనీలు తలుపు తట్టేనాటికి హక్కులు ఎవరి బీరువాలో ఉన్నాయో అతనికే తెలియకపోవచ్చు.