ఓ కప్పూ, రేపు రా!

మన దేశంలో పంచవర్ష ప్రణాళికల కథ పన్నెండోదానితో, 2017 మార్చిలో ముగిసిపోయిందని పోటీ పరీక్షల పుస్తకాల్లో రాసేశారు. తొందరపడ్డారు. రెండేళ్ళు తిరిగాయో లేదో, 2019 ఏప్రిల్ 19న ఆ వ్యవస్థ అమెరికాలోని డెట్రాయిట్‌లో మళ్ళీ పుట్టింది. ఆ రోజు రెడ్ వింగ్స్ అనే ఐస్ హాకీ జట్టుకు స్టీవ్ ఐజర్మన్ గారు జనరల్ మేనేజర్ అయ్యారు. ఆటగాడిగా అదే జట్టుకు ఏళ్ళ తరబడి కెప్టెన్‌గా ఉండి 1997, 1998, 2002లలో మూడు స్టాన్లీ కప్పులు (ఎన్‌హెచ్‌ఎల్ అనే ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ విజేతకిచ్చే కప్పు) ఎత్తిన మనిషి. ఆయన వేసుకున్న 19వ నంబరు జెర్సీ అరీనా కప్పుకు వేలాడుతోంది. జీఎం అయ్యాక ఆయనకూ కప్పుకూ ఉన్న సంబంధం ప్రస్తుతానికి అదొక్కటే.

జట్టును పడగొట్టి మళ్ళీ కట్టే పని ఆయన ఒప్పుకున్నారు. అభిమానులు దానికి ఐజర్‌ప్లాన్ అని పేరు పెట్టి, పసుపు కుంకుమలద్ది, పూజగదిలో పెట్టుకున్నారు.

డెట్రాయిట్‌లో జీఎం అంటే మొదట తట్టేది కార్ల కంపెనీ. నోవై, ఫార్మింగ్టన్ హిల్స్, ట్రాయ్ వైపు స్థిరపడ్డ మనవాళ్ళలో చాలామందికి అన్నం పెట్టేది ఆ పరిశ్రమే. ఈ రెండు జీఎంలకూ ఒక ముఖ్యమైన తేడా ఉంది. కారులో బ్రేకు సరిగా పడకపోతే రీకాల్ చేస్తున్నామని ఇంటికి ఉత్తరం వస్తుంది. హాకీ జీఎం రాసిచ్చిన కాంట్రాక్టుకు రీకాల్ లేదు, బైఅవుట్ ఉంది. ఆటగాడికి 26 నిండితే, మిగిలిన జీతంలో మూడింట రెండొంతులు, మిగిలిన ఏళ్ళకు రెట్టింపు కాలం కట్టుకుంటూ పోవాలి. 2020లో జస్టిన్ అబ్దెల్కాదర్‌ను అలా సాగనంపితే ఆ పద్దు 2025-26 జమాఖర్చుల దాకా సాగింది. (ఆ పత్రం పాత జీఎం కెన్ హాలండ్ రాసిచ్చింది లెండి. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడం విన్నాం, అత్త అప్పు అల్లుడు తీర్చడం ఇక్కడే చూశాం.)

ఇంత బరువు మోస్తున్న మనిషిని తప్పు పట్టవచ్చునా? పట్టరాదు. ఎందుకు పట్టరాదో శాస్త్రోక్తంగా నిరూపించడమే ఇక్కడి పని. చిట్టా 2025 జూన్‌తో మూసేశాను.

ముందు సంవత్సరాలు లెక్కపెట్టడం నేర్చుకోవాలి. 2019-20లో జట్టు 71 మ్యాచ్‌లు ఆడి 17 గెలిచింది, 39 పాయింట్లు. అది హాలండ్ వదిలిపోయిన జట్టు, కాబట్టి ఆ ఏడు లెక్కలోకి రాదు. 2020-21 కోవిడ్ వల్ల 56 మ్యాచ్‌లకు కుదించిన సీజన్, 48 పాయింట్లు. మన దగ్గర 1966 నుంచి 69 దాకా ప్రణాళికా విరామం లేదూ, అలాంటిది. 2021-22లో 74 పాయింట్లు, కానీ కోచ్ బ్లాషిల్ పాతవాడు. 2022-23లో 80, కానీ కోచ్ లలోండ్ కొత్తవాడు. 2023-24లో 91. వాషింగ్టన్‌కూ సరిగ్గా 91 వచ్చాయి. అదనపు సమయం లేకుండా నెగ్గిన మ్యాచ్‌లు వాళ్ళకు 32, మనకు 27 ఉండటంతో వాళ్ళు ప్లేఆఫ్స్‌కు వెళ్ళారు. ఇది గణితం చేసిన అన్యాయం కనుక వెళ్ళినట్టే భావించాలి. 2024-25లో 86, కానీ డిసెంబర్ 26న లలోండ్‌ను తీసేసి మెక్‌లెలన్‌ను తెచ్చారు కాబట్టి మొదటి సగం చెల్లదు. ఈ పద్ధతిలో కూడితే ఆరు సీజన్ల ప్రణాళిక వయసు దాదాపు నాలుగు నెలలు. పాలు తాగే పిల్లను పట్టుకుని పదో తరగతి మార్కులు అడగడం ఏం న్యాయం? 1990-91 నుంచి 2015-16 దాకా వరసగా 25 సీజన్లు ప్లేఆఫ్స్ ఆడిన జట్టు, ఆ తర్వాత తొమ్మిదేళ్ళుగా ఆ గుమ్మం తొక్కలేదనీ, అందులో ఆరు ఈయనవేననీ గుర్తుచేసేవాళ్ళు ఓపిక లేని జనం.

రెండోది అదృష్టం. ఇక్కడ మాత్రం వ్యంగ్యం కాసేపు పక్కన పెట్టాలి, ఆయనకు నిజంగానే అన్యాయం జరిగింది. ఏటా కొత్త కుర్రాళ్ళను జట్లు వంతులవారీగా ఏరుకునే తంతును డ్రాఫ్ట్ అంటారు, ఒక్కో వంతు ఒక పిక్. అడుగున ఉన్న జట్లకు ముందు వంతులు, వాటి వరస తేల్చేది లాటరీ. 2020లో ఆఖరి స్థానం తెచ్చుకున్న జట్టుకు లాటరీలో మొదటి పిక్ దక్కే అవకాశం 18.5 శాతమే. అప్పట్లో మూడు చీట్లు తీసేవారు. మూడూ వేరేవాళ్ళకు పోయి డెట్రాయిట్ నాలుగుకు జారింది. మరుసటి ఏడు నుంచి రెండు చీట్లే తీసి, ఆఖరివాడు మూడు కంటే కిందికి పోకుండా నియమం మార్చారు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయి. అంతకుముందు 2019లో కూడా నాలుగులో ఉండాల్సిన పిక్ ఆరుకు దిగింది. ఐజర్మన్ గారు 2010లో టాంపా జట్టుకు జీఎంగా వెళ్ళినప్పుడు, 2008 మొదటి పిక్ స్టాంకోస్, 2009 రెండో పిక్ హెడ్మన్ అప్పటికే ఇంట్లో ఉన్నారు. ఆయన వాళ్ళకు కుచెరోవ్‌ను 58లో, బ్రేడెన్ పాయింట్ అనే కుర్రాడిని 79లో, పలాట్‌ను 208లో ఏరి తెచ్చి కలిపారు. ఆ టాంపా 2020లో, 2021లో కప్పు గెలిచింది, ఆయన 2018లో కుర్చీ దిగాక. దీన్నిబట్టి డెట్రాయిట్‌కు కప్పు రావాలంటే చేయాల్సిందేమిటో తర్కం స్పష్టంగానే చెబుతోంది గానీ, భక్తుల మనసు నొప్పించడం మన ఉద్దేశం కాదు.

అసలు తీర్పు చెప్పే పద్ధతికి వద్దాం. జీఎం పని రెండు ఖాతాలు. ఒకటి నారుమడి, అంటే 18 ఏళ్ళ పిల్లల్ని డ్రాఫ్ట్‌లో ఏరడం. రెండోది సంత, అంటే ట్రేడ్‌లూ (వేరే జట్లతో మార్పిడులు), ఫ్రీ ఏజెంట్లూ (కాంట్రాక్టు ముగిసి ఏ జట్టుకైనా వెళ్ళగల ఆటగాళ్ళు). భక్తులు నారుమడి పచ్చదనం చూపించి సంత నష్టం కప్పేస్తారు. విమర్శకులు సంత రసీదులు చూపించి నారుమడి మీద పశువులను తోలతారు. రెండూ కలిపి చూడకూడదు.

నారుమడి చిట్టా బాగుంది. 2019లో ఆరో పిక్‌గా మోరిట్జ్ సైడర్ పేరు చదివినప్పుడు అందరికంటే ఎక్కువ నోరు తెరిచింది సైడరే. అతను 2022లో కాల్డర్ ట్రోఫీ, అంటే ఆ ఏటి ఉత్తమ కొత్త ఆటగాడి బహుమతి గెలిచాడు. నాలుగో పిక్ లూకస్ రేమండ్‌ను చూశాక లాటరీ గురించి ఏడ్వడం కూడా మానేశారు. వాళ్ళ తర్వాత ఎడ్విన్‌సన్, కాస్పర్. ఇందులో తప్పు వెతకాలంటే ఒక్కచోటే దొరుకుతుంది, అది కూడా జాగ్రత్తగా కొలవాలి. 2021లో సెబాస్టియన్ కోసా అనే గోలీ (గోల్ కీపర్) కోసం 23, 48, 138వ పిక్‌లు డల్లాస్‌కిచ్చి 15కు ఎక్కారు. గోలీలు ఆలస్యంగా పండుతారు, కోసా 2025 జూన్‌ దాకా ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడింది ఒక్క మ్యాచ్, అదీ మధ్యలో దిగి. ఆ 23తో డల్లాస్ తీసుకున్న వయట్ జాన్‌స్టన్ 2023-24లో 32 గోల్స్ కొట్టాడు. ‘జాన్‌స్టన్‌ను వదులుకున్నాడు’ అని ఊరికే అరవడం తప్పు. 23లో ఉంటే డెట్రాయిట్ అతన్నే తీసుకునేదని ఎవరూ చెప్పలేరు. సరైన ప్రశ్న ఇది: అదే పూట వాల్‌స్టెట్ అనే ఇంకో మేటి గోలీ 20 దాకా మిగిలే ఉన్నాడు కదా, ఎనిమిది మెట్లకు 48వ పిక్ ధర సబబేనా? కోసాకు పాతికేళ్ళు వచ్చాక జవాబు దొరుకుతుంది. అప్పటిదాకా వాయిదా ఇవ్వడం నిజంగానే న్యాయం.

సంత సంగతి అలా కాదు. అక్కడ కొన్న సరుకు అప్పటికే పండింది, తూకం వెంటనే తెలుస్తుంది. 2022 జూలైలో ఆండ్రూ కాప్‌కు ఐదేళ్ళు, ఏటా 56.25 లక్షల డాలర్లు. 31 ఏళ్ళ బెన్ షియరాట్‌కు నాలుగేళ్ళు, ఏటా 47.5 లక్షలు. మరుసటి జూలైలో కాంఫర్‌కు ఐదేళ్ళు, ఏటా 51 లక్షలు, జస్టిన్ హోల్‌కు మూడేళ్ళు, ఏటా 34 లక్షలు. నాలుగూ కలిపితే 8 కోట్ల 28 లక్షల పైచిలుకు. 2023-24లో ఒక జట్టు తన మొత్తం ఆటగాళ్ళ మీద ఖర్చుపెట్టగల శాలరీ క్యాప్ 8 కోట్ల 35 లక్షలు. అంటే ఒక సంవత్సరం క్యాప్ మొత్తాన్ని నలుగురు నడిమి రకం ఆటగాళ్ళ చేతుల్లో పెట్టారు, వాయిదాల పద్ధతిలో. కాప్, కాంఫర్, కెప్టెన్ లార్కిన్ ముగ్గురూ యూనివర్సిటీ ఆఫ్ మిషిగన్ పూర్వ విద్యార్థులు. పునర్నిర్మాణం పేరుతో పూర్వ విద్యార్థుల సమ్మేళనం జరుగుతోందని గిట్టనివాళ్ళు అంటారు. మనం అనకూడదు.

నడిమి రకం కొనడంలో చిక్కు డబ్బొక్కటే కాదు. ఫ్రీ ఏజెంటు సంతలో దొరికేవాళ్ళు ఎక్కువగా 27 దాటినవాళ్ళు. గతంలో ఆడిన ఆటకు ధర కడతాం, రాబోయే ఆట తీసుకుంటాం. పైగా వాళ్ళు జట్టును 74 పాయింట్ల నుంచి 91 దాకా లాగుతారు, ఆపైకి లాగలేరు. ప్లేఆఫ్స్‌కు అది చాలదు, మంచి పిక్ దక్కడానికి అది ఎక్కువ. అందుకే 2022 నుంచి డెట్రాయిట్ సొంత పిక్‌లు 8, 9, 15, 13లో పడ్డాయి. రెంటికీ చెడ్డ రేవడి అనే మాటకు ఎన్‌హెచ్‌ఎల్‌లో ఉన్న చిరునామా ఇది. నారుమడిలో వేయాల్సిన మంచి విత్తనాన్ని సంత ఇలా తినేసింది. రెండు ఖాతాలూ వేరన్నాను గానీ, నష్టం మాత్రం ఒకదాన్నుంచి ఒకదానికి బదిలీ అవుతుంది.

ఇక జేక్ వాల్‌మన్ వ్యవహారం. దీన్ని నెమ్మదిగా చదవాలి, గబగబా చదివితే ఏమీ జరగనట్టు ఉంటుంది. వాల్‌మన్ డిఫెన్స్‌మన్, జీతం ఏటా 34 లక్షలు, మూడేళ్ళ ఒప్పందం. పైన చెప్పిన హోల్ కూడా డిఫెన్స్‌మన్, జీతం ఏటా 34 లక్షలు, మూడేళ్ళ ఒప్పందం. వాల్‌మన్ 2023-24లో సైడర్ పక్కన ఆడి 12 గోల్స్ కొట్టాడు. హోల్ చాలా మ్యాచ్‌లు ప్రెస్ బాక్స్‌లో కూర్చుని చూశాడు. 2024 జూన్‌లో ఒకరిని వదిలించుకోవాలని తీర్మానం అయింది. వదిలించుకున్నది వాల్‌మన్‌ను. ఊరికే కూడా కాదు, వెంట రెండో రౌండ్ పిక్ పెట్టి శాన్ హోసేకు ఎదురు కట్నంతో అత్తారింటికి పంపారు. బదులుగా వచ్చినవి ‘ఫ్యూచర్ కన్సిడరేషన్స్’. తెలుగులో దీన్ని ‘తర్వాత చూసుకుందాం లెండి’ అంటారు.

తొమ్మిది నెలలు నిండకముందే, 2025 మార్చిలో, శాన్ హోసే అదే వాల్‌మన్‌ను ఎడ్మంటన్‌కు ఇచ్చి షరతులతో కూడిన ఫస్ట్ రౌండ్ పిక్‌నూ ఒక కుర్రాడినీ తీసుకుంది. తీసుకుంటే కట్నం, ఇస్తే కన్యాశుల్కం. ఇంత లాభసాటి సంబంధం తెలుగునాట ఏ పెళ్ళిళ్ళ పేరయ్యా కుదర్చలేదు. వాల్‌మన్ ఆ జూన్‌లో స్టాన్లీ కప్ ఫైనల్ ఆడాడు.

ఇలాంటి బేరాన్ని తూచేటప్పుడు ఫలితం చూసి తిట్టడం తేలిక, ఆ రోజుకున్న సమాచారంతో తూచాలి. ఆ రోజు తెలిసింది చాలు. అంత జీతానికి మొదటి జతలో ఆడగలవాడు చౌక. క్యాప్ ఆ ఏడాదికే 8 కోట్ల 80 లక్షలకు పెరిగింది. క్యాప్ పెరిగేకొద్దీ ఖాళీ జాగా విలువ తగ్గుతుంది. జాగా చౌకవబోతుంటే జాగా కోసం పిక్ చెల్లించారు. ఆ జాగాలోకి వచ్చిన డిఫెన్స్‌మన్ ఎరిక్ గుస్తాఫ్సన్, రెండేళ్ళు, ఏటా 20 లక్షలు. బయటికి చెప్పని కారణం ఏదో ఉండే ఉంటుందని భక్తులు కళ్ళు మూసుకుంటారు. ఉంటే ఉండొచ్చు. ప్రణాళికా సంఘం రహస్యాలు మనకెందుకు?

గోలీల విషయం త్వరగా ముగిద్దాం, ఎందుకంటే వాళ్ళు కూడా త్వరగానే ముగిశారు. గ్రైస్, నెడెల్కోవిచ్, హుసో, హెల్‌బెర్గ్, రైమర్, లయన్, టాల్బట్, మ్రాజెక్. కోసా పండేలోగా గోల్ ముందు అద్దెకు దిగినవాళ్ళు వీళ్ళు. మ్రాజెక్‌ను 2025 మార్చిలో షికాగో నుంచి తెచ్చి, జూన్ చివర్లో రెండో రౌండ్ పిక్‌తో, నాలుగో రౌండ్ పిక్‌తో కలిపి అనాహైమ్‌కిచ్చి జాన్ గిబ్సన్‌ను తెచ్చుకున్నారు. మ్రాజెక్ పెట్టె పూర్తిగా విప్పి ఉండడు. గిబ్సన్ బేరం మాత్రం తప్పుపట్టేది కాదు. ఒకటో రౌండ్ పిక్ పోలేదు, పెద్ద కుర్రాళ్ళెవరూ పోలేదు. ఈ బేరం మూడేళ్ళ ముందు చేసి ఉంటే 91 పాయింట్ల ఏడాదిలో ఆ ఐదు గెలుపుల తేడా ఎక్కడైనా దొరికేదేమో అని కొందరికి అనుమానం. 2025 వసంతంలో ట్రేడ్ గడువు దాదాపు ఊరికే గడిచిపోయిందని కెప్టెన్ లార్కిన్ కూడా పైకే బాధపడ్డాడు. కెప్టెన్‌కు ఓపిక ఉండాలి. ఎనిమిదేళ్ళ కాంట్రాక్టు ఇచ్చింది అందుకే కదా.

కాబట్టి తీర్పు వాయిదా వేయాలి. ఎప్పటికి? 2025 డ్రాఫ్ట్‌లో 13వ పిక్‌గా వచ్చిన కార్టర్ బేర్‌కు అప్పటికి 18 ఏళ్ళు. ఫలానా అని చెప్పడానికి ఓ ఐదేళ్ళు పడుతుందనుకుందాం, అంటే 2030. ఆ ఏడు కూడా ఎవరో ఒక 18 ఏళ్ళ కుర్రాడు డ్రాఫ్ట్ అవుతాడు. అతనికి ఇంకో ఐదేళ్ళు.

1990ల్లో మన ఊళ్ళల్లో తలుపుల మీద సుద్దముక్కతో ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసేవారు. దయ్యం వచ్చి, చదువుకుని, మారుమాట్లాడకుండా మర్నాడు వద్దామని వెళ్ళిపోయేదట. అక్షరజ్ఞానం, మర్యాద రెండూ ఉన్న దయ్యం. లిటిల్ సీజర్స్ అరీనా తలుపు మీద కూడా అలాంటి రాతేదో ఉండాలి. స్టాన్లీ కప్పు 2024 జూన్‌లో దాన్ని చదువుకుని ఫ్లోరిడా వెళ్ళింది. 2025 జూన్‌లో వచ్చి మళ్ళీ చదివి, మళ్ళీ ఫ్లోరిడాయే వెళ్ళింది.