ఈసీలో అప్పు కనబడుతుంది, వంక కనబడదు

మొన్న ఒక శనివారం అమెరికాలో సియాటిల్ దగ్గరి ఇసాక్వాలో ఇల్లు చూడ్డానికి వెళ్లాం. కొండవాలులో ఇల్లు. వెనక డెక్ మీద నిలబడితే కింద సరస్సు, ఎదురుగా కొండలు. మా ఆవిడ అప్పుడే ఉయ్యాల ఎక్కడ వేయాలో చూసుకుంటోంది. అంత వ్యూ ఉన్నా, కింద చదునులో ఉన్న అదే సైజు ఇంటికన్నా ధర తక్కువ చెప్పారు. ఎందుకో ఫారం 17 చదివాక అర్థమైంది. వాషింగ్టన్ రాష్ట్రంలో ఇల్లు అమ్మేవాళ్లు నింపి ఇచ్చే కాగితం అది. కొండచరియల వల్లో, వరద వల్లో, ఉబ్బే నేల వల్లో ఇంటికి దెబ్బ తగిలిందా, స్థలంలో మట్టి పోసి నింపారా, వరద ముంచే ప్రాంతంలో ఉందా అని వరసగా అడుగుతుంది. మట్టి పోశారా అన్నచోట ‘అవును’ అని టిక్కు పెట్టి ఉంది.

సియాటిల్ చుట్టుపక్కల 40 శాతం వాలు, అంటే 100 అడుగులు ముందుకెళ్తే 40 అడుగులు ఎక్కే నేలను సాధారణంగా ప్రమాదకరమైన వాలుగా లెక్కేస్తారు. అలాంటి చోట ఒక గది పెంచాలన్నా నేలను పరీక్షించే జియోటెక్ ఇంజినీరు రిపోర్టు అడుగుతారు. మామూలు ఇంటి ఇన్సూరెన్సులో నేల జారితే పైసా రాదు, దానికి వేరే పాలసీ తీసుకోవాలి. కొనేవాడు ఈ ఖర్చులన్నీ లెక్కేసుకుని అంత తగ్గించి అడుగుతాడు. ధర తక్కువ కావడంలో వింతేమీ లేదు.

ఇక్కడివాళ్లు మనకన్నా తెలివైనవాళ్లని నేననడం లేదు. 2014 మార్చి 22న ఇదే రాష్ట్రంలో ఓసో దగ్గర కొండ విరిగిపడి 43 మంది పోయారు. అదే కొండ 2006లోనూ జారింది. ఆ తర్వాత కూడా దాని కింద ఇళ్లు కట్టుకోనిచ్చారు. ప్రమాదం చూపే మ్యాపు ఉన్నంత మాత్రాన కొండ ఆగదు. కాకపోతే కొనేవాడు అడిగితే సమాధానం ఒక కాగితం మీద ఉంటుంది.

అదే వారం కడప నుంచి ఒక ప్లాటు వీడియో వచ్చింది. ఊరి బయట కొత్త వెంచర్. డ్రోనుతో తీశారు, వెనక పాట కూడా పెట్టారు. మా చిన్నాయనను పోయి చూడమన్నాను. ఆయన ఫోన్ చేసి, "నాయనా, ఈడ ఎర్రమట్టి తోలినారు. దారి పొడుగునా తుంగ లేస్తాంది. తుంగ ఊరికే లేస్తాదా?" అన్నాడు. తుంగ తడి నేలలో మొలిచే గడ్డి. అంటే వంక (వానాకాలం పారే వాగు) పక్కన మట్టి పోసి ఎత్తు చేసిన నేల అది. సెంటు ధర మాత్రం వంకకు దూరంగా ఉన్న పక్క వెంచర్‌తో సమానం. వీడియో ఏప్రిల్‌లో తీసింది. ఏప్రిల్‌లో మా వంకల్లో పిల్లలు క్రికెట్ ఆడుకుంటారు.

నా బాధంతా ఆ ‘సమానం’ దగ్గరే. రిజిస్ట్రేషన్ ఆఫీసులో మార్కెట్ విలువ వీధిని బట్టో, సర్వే నంబరును బట్టో ఉంటుంది గానీ, నీళ్లు ఎంత లోతు వచ్చాయో దానికి పట్టదు. ఈసీ, అంటే ఆస్తి మీద లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ తీస్తే ఎవరు ఎవరికి అమ్మారో, ఏ బ్యాంకులో తాకట్టు ఉందో తెలుస్తుంది. కడపలో పారే బుగ్గవంక 2001లో ఊరి మీదికి వచ్చిందనీ, 2020 నవంబరులో నివర్ తుపానుకు మళ్లీ వచ్చిందనీ ఏ ఈసీ చెప్పదు. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు నది ఊళ్ల మీద పడింది. వరద కూడా అక్కర్లేదు. 2015లో చింతకొమ్మదిన్నె మండలంలో పొలాల మధ్య నేల కుంగి బావుల్లాంటి గుంతలు పడ్డాయి. అడుగున సున్నపురాయి, దాంట్లో బొరియలు. ప్రమాదం ధరలో లేదంటే పోయినట్టు కాదు, చివర కొన్నవాడి నెత్తిన ఉన్నట్టు. ఆ చివరివాడు ఎక్కువగా మనలాంటివాడే, ఎనిమిదివేల మైళ్ల అవతల ఫోన్‌లో ప్లాటు చూసి అడ్వాన్సు పంపేవాడు.

రూల్స్ లేవా అంటే ఉన్నాయి. 10 మీటర్లకన్నా వెడల్పైన వాగు, వంక గట్టు నుంచి 9 మీటర్లు వదలాలని ఆంధ్రప్రదేశ్ బిల్డింగ్ రూల్సే చెబుతున్నాయి. ఆ వెడల్పు ఎక్కడ కొలుస్తారన్నదే తిరకాసు. ముందు మట్టి తోలి, వంకను కాలవ చేసి, ఆ తర్వాత టేపు పడితే కొలత సరిగ్గానే వస్తుంది. రియల్ ఎస్టేట్‌లో ఉన్న మా బావ, "వంక పక్క ప్లాట్లన్నీ ఆపేస్తే మంచి ప్లాట్ల రేట్లు ఇంకా ఎక్కుతాయి, మామూలోడు ఎట్ల కొనాల?" అంటాడు. నిజమే, ఎక్కుతాయి. కానీ ముంపులో ఉన్న ప్లాటును మామూలోడికి మంచి ప్లాటు రేటుకే అంటగట్టడం కూడా అన్యాయమే కదా.

అందుకే లింక్ డాక్యుమెంట్లతో (పాత అమ్మకాల పత్రాలతో) పాటు ఎఫ్‌ఎంబీ స్కెచ్చు (సర్వే నంబరు కొలతల పటం), పాత గ్రామపటం తెప్పించమన్నాను. వాటిలో వంక పోరంబోకు (వంక కింద ఉన్న ప్రభుత్వ భూమి) గీత ఎక్కడుందో చూస్తే చాలా సంగతి తెలిసిపోతుంది. చిన్నాయన నవంబరు వానలు పడ్డాక ఇంకోసారి పోయి చూసొస్తానన్నాడు. బ్రోకర్ మాత్రం దీపావళి లోపే రిజిస్ట్రేషన్ అయిపోవాలని రోజుకు రెండు సార్లు ఫోన్ చేస్తున్నాడు.