దింపేసి వెళ్లకండి, పక్కన కూర్చోండి

మే నెలలో కడప ఎండ గురించి మనవాళ్లకు చెప్పనక్కర్లేదు. అలాంటి ఎండలో మా నాలుగేళ్ల పాపను చంకనేసుకుని, మా అత్తమ్మ వెంట వాళ్ల చర్చిలో వీబీఎస్‌కు పది రోజులు వెళ్లాను. వీబీఎస్ అంటే వేసవి సెలవుల్లో చర్చిలో పిల్లలకు పెట్టే బైబిల్ బడి. కథలు, రంగులేసే కాగితాలు, చివర్లో ఒక బిస్కెట్ ప్యాకెట్టు, మధ్యలో బోలెడన్ని పాటలు. పాప తెలుగు పిల్లలతో ఆడుకుంటుందని వెళ్లానే గానీ, సంగీతం నా లెక్కలోనే లేదు.

ఎందుకంటే సంగీతం పని మేముండే ఈ పరాయి దేశంలో ముందే కానిచ్చేశాం. మూడేళ్లు నిండగానే క్లాసులో చేర్చాం. ఫీజు కట్టడం, పిల్లను లోపలికి పంపడం, గంటసేపు కారులో ఫోన్ చూసుకోవడం. ఆరు నెలలు తిరగకముందే "ఉగాదికి ఏం పాడుతుంది?" అని నేనే అడిగాను. పాప ఆ క్లాసులో నోరే విప్పలేదు. ఇంకా టైమ్ పడుతుందండీ అని టీచర్ మర్యాదగా చెప్పింది. నాకు టెన్షన్ పట్టుకుంది.

కడపలో మూడో రోజుకు పాడింది. పల్లవిలో చివరి మాట ఒక్కటే, అదీ అందరూ ఆపేశాక.

అక్కడ నేర్పే అక్కకు సంగీతం రాదు. ఆ మాట ఆమే చెప్పుకుంది. చాపల మీద మూడేళ్ల వాళ్ల నుంచి పద్నాలుగేళ్ల వాళ్ల దాకా కలిసే కూర్చున్నారు. వెనక గోడకు ఆనుకుని తల్లులు, అవ్వలు. వాళ్లలో ఒక అవ్వకు శ్రుతి ఏనాడూ కలవదు, గొంతు మాత్రం అందరికంటే పెద్దది. ఎవరూ తిరిగి చూడలేదు. మా పాప ఆమెనే చాలాసేపు చూసింది. ఇలా కూడా పాడొచ్చన్నమాట అనుకుందేమో!

ఇంకొకటి డోలక్. ఇప్పుడు చాలా చర్చిల్లో కీబోర్డు వచ్చేసింది, బటన్ నొక్కితే దరువు దానంతటదే నడుస్తుంది. ఈ చర్చిలోనూ ఒక కుర్రాడు అలాగే మొదలుపెట్టాడు. పిల్లలు చప్పట్లు కొడుతూ రెండు వరుసలు వెనకబడ్డారు, యంత్రం మాత్రం ఆగలేదు. పక్కనే డోలక్ పట్టుకున్న తాత, "ఉండప్పా, పిల్లోళ్లను రానీ" అన్నాడు. కుర్రాడు బటన్ ఆపాడు. తాత పిల్లల చేతులు చూస్తూ, వాళ్ల చప్పట్లకు తన దెబ్బ కలుపుతూ, నాలుగైదు ఆవృతాల్లో, అంటే తాళం నాలుగైదు చుట్లు తిరిగేలోపు, మెల్లగా అందరినీ ఒక నడకలోకి తెచ్చాడు. పసివాళ్లకు తాళం నేర్పడమంటే నాకు తెలిసి ఇంతే. ముందు మనం వాళ్ల నడకకు దిగాలి, తర్వాత వాళ్లను మన నడకకు తెచ్చుకోవాలి. యంత్రానికి ఆ మొదటి సగం రాదు.

శ్రుతి దగ్గరా ఇదే పొరపాటు. మగవాళ్ల గొంతుకు సరిపోయే చోట పాట ఎత్తుకుంటే చిన్నపిల్లలకు కింది స్వరాలు అందవు. కొందరు గొణుగుతారు, కొందరు అరుస్తారు. పిల్లలకు పాట రావడం లేదనుకుంటాం. హార్మోనియం మీద రెండు మెట్లు పైకి జరిపితే చాలాసార్లు వచ్చేస్తుంది.

హంగేరీ సంగీతకారుడు జోల్తాన్ కొడాయ్ (1882–1967) చెప్పిన పద్ధతిలో వాయిద్యం కంటే ముందు గొంతు, పరాయి పాట కంటే ముందు తల్లిభాషలోని జానపదం. మన ఊళ్లలో చెమ్మచెక్క ఆడినవాళ్లకు, చెక్కభజన చూస్తూ పెరిగినవాళ్లకు ఇది పెద్ద కొత్త సంగతి కాదు.

కడప చర్చిల్లో ఈ తల్లిభాష సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. లండన్ మిషనరీ సొసైటీ అనే క్రైస్తవ ప్రచార సంస్థ వాళ్లు అక్కడ 1822లో పని మొదలుపెట్టారు. వాళ్లతో వచ్చిన ఇంగ్లీషు బాణీల్లో తెలుగు మాటలు ఇరికించిన పాటలు ఒక రకం. రాగం, తాళం పేర్లు పైన అచ్చువేసిన తెలుగు కీర్తనలు ఇంకో రకం. మొదటి రకంలో బాణీ కోసం హ్రస్వాన్ని సాగదీయాల్సి వస్తుంది, 'ప్రభు' కాస్తా 'ప్రాభూ' అవుతుంది. కీర్తనలో చాలావరకు మాట పొడవును బట్టే పాట నడుస్తుంది. మన పిల్లలకు 'కలం', 'కాలం' తేడా నోట పలకదు కదా, తెలుగు బడిలో ఎన్నిసార్లు దిద్దించినా! తాళం వేస్తూ పాడితే దీర్ఘానికి ఎంతసేపు ఆగాలో చేతికే తెలిసిపోతుంది. అందుకే పసివాళ్లకు మొదట కీర్తనలూ జానపదాలే పాడించాలంటాను. ఇంగ్లీషు బాణీలు కొన్ని నాకూ ఇష్టమే, అవి తర్వాత.

అంతా బాగుందనడం లేదు. ఆదివారం ఆరాధనలో సౌండ్ బాక్సుల పక్కన పసిపిల్లలను కూర్చోబెడతారు, నాకే చెవులు గింగురుమన్నాయి. పాతికమంది గదిలో మైకెందుకో అర్థం కాదు. ఇక వీబీఎస్‌కు వీధిలో అన్ని మతాల పిల్లలూ వస్తారు. పాడేవి భక్తి పాటలని, వాటి అర్థం ఇదని ఆ తల్లిదండ్రులకు ముందే చెప్పాలి. పాట మీద ఇష్టంతో పంపినవాళ్లను ఇబ్బంది పెట్టకూడదు. ఇదే మాట గుడి భజన బృందానికీ చెబుతాను.

చర్చికి ఉన్న సౌకర్యం ఏమిటంటే, వాళ్లు సంగీతం కోసం ప్రత్యేకంగా కలవక్కర్లేదు. ప్రతి వారం ఎలాగూ కలుస్తారు, అవే పాటలు మళ్లీ పాడతారు, ఎవరినీ ఎంపిక చేయరు. ఇక్కడి మన తెలుగు సంఘంలో కలిసేదే పండగలకు, అప్పుడు పాడేది ఎంపికైన పిల్లలు. మిగతావాళ్లు వీడియో తీస్తారు.

కాబట్టి సంఘం కమిటీ వారికి నా అర్జీ ఇది. నెలకు రెండు శనివారాలు, ముప్పావు గంట. అయిదేళ్లలోపు పిల్లలు, పక్కన తప్పనిసరిగా అమ్మో నాన్నో తాతో. ఇండియా నుంచి వచ్చి ఆరు నెలలుగా ఇంట్లో విసుగెత్తిపోతున్న అవ్వాతాతలు ఎందరున్నారు! మైకు వద్దు, స్టేజి వద్దు, ఉగాది ఐటమ్ అసలే వద్దు. మతం పాటలు లేకుండా జానపదాలతో మొదలుపెడదాం. హాలు అద్దె మీరు చూసుకోండి, చాపలు నేను తెస్తాను. డోలక్ వాయించేవాళ్లు మాత్రం ఇంకా దొరకలేదు.